వెనక అట్టే గుమ్మం

మాంగా అలవాటు లేని ఎవరి చేతికైనా ఒక వాల్యూమ్ ఇచ్చి చూడండి. తెలుగు పుస్తకం పట్టుకున్నట్టే, కుట్టు ఎడమవైపు వచ్చేలా పట్టుకుంటారు. కానీ మాంగా కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. ఇంగ్లీషులో వచ్చే వాల్యూమ్స్ కూడా ఇప్పుడు చాలావరకు జపాన్ పద్ధతిలోనే వేస్తున్నారు. కాబట్టి ఆ మనిషి కళ్లముందు ఉన్నది వెనక అట్ట. బార్‌కోడ్, ధర, ఒక చిన్న బొమ్మ, నాలుగైదు వాక్యాల కథ. తెరిచి చూస్తే, మీరు తప్పు వైపు నుంచి వచ్చారు, తిప్పి చదవండి అని చెప్పే నోటీసు పేజీ.

ఉదయగిరి నుంచి వచ్చే మా ఫ్రెండ్ ఒకడికి మాత్రం ఈ ఇబ్బంది రాలేదు. ఇంట్లో ఉర్దూ చదువుకున్నవాడు. వాడికి ఇవ్వగానే ఏమీ ఆలోచించకుండా తిప్పి పట్టుకున్నాడు. "దీంట్లో వింతేముంది, మా పుస్తకాలన్నీ ఇట్టానే ఉంటాయి కదా" అన్నాడు.

మిగతా మనందరికీ మాంగాలోకి గుమ్మం వెనక అట్టే. షాపుల్లో చాలాసార్లు ప్లాస్టిక్ కవర్ చుట్టి ఉంటుంది, లోపల ఒక్క పేజీ కూడా చూడనివ్వరు. ఒక్కో వాల్యూమ్ మూడొందల నుంచి ఐదొందల దాకా. మన నెలాఖరు బడ్జెట్‌లో ఐదొందలు అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. ఆ డబ్బు పెట్టాలా వద్దా అన్నది ఆ నాలుగు వాక్యాలే తేల్చాలి. అందుకే అవి ఎలా ఉండాలి అన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

ముందు పేరు సంగతి. ఇంగ్లీషులో దీన్ని బ్లర్బ్ అంటారు. 1907లో జెలెట్ బర్జెస్ అనే అమెరికన్ హాస్య రచయిత తన పుస్తకం అట్ట మీద బెలిండా బ్లర్బ్ అనే అమ్మాయి బొమ్మ వేసి, తన పుస్తకాన్ని తనే ఆకాశానికెత్తుకున్నాడు. అట్టల మీద పొగడ్తలు దంచేవాళ్లని ఎగతాళి చేయడానికి చేసిన పని అది. ఎగతాళి పోయింది, పేరు మిగిలింది, పొగడ్తలు కూడా మిగిలాయి. తెలుగులో దీనికి నాకు నచ్చే ఒక్క మాట దొరకలేదు. ముందుమాట ఉంది కదా, వెనకమాట ఎందుకు ఉండకూడదు? ఇక్కడ నుంచి వెనకమాట అనే రాస్తాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన క్లబ్ షెల్ఫ్‌లో ఉన్న మాంగాలకి తెలుగులో వెనకమాటలు రాసి చీటీలు అంటిద్దాం అనుకున్నాం. మీటింగ్‌లో రెండు అభ్యంతరాలు వచ్చాయి. ఒకటి, ఇంగ్లీషులో ఉంది కదా, మళ్లీ తెలుగు ఎందుకు. రెండోది, చాట్‌బాట్‌కి చెప్తే రెండు నిమిషాల్లో అన్నిటికీ రాసిస్తుంది, మనం కూర్చోవడం దేనికి. రెండూ తీసిపారేసే మాటలు కాదు. మీటింగ్ టైమ్ చాలలేదు కాబట్టి జవాబు ఇక్కడ రాస్తున్నా.

మొదటిదానికి. సెలవుల్లో వింజమూరు వెళ్లినప్పుడు డెమన్ స్లేయర్ మొదటి వాల్యూమ్ తీసుకెళ్లాను. మా పిన్ని కూతురు గవర్నమెంటు స్కూల్లో 8వ తరగతి. వాళ్ల పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఇంగ్లీషు పేజీ పైకి చదువుతుంది, అర్థం కోసం తెలుగు పేజీకి వెళ్తుంది. మాంగా తీసుకుని, "ఏందన్నా, తిరగేసి కుట్టారా?" అని నవ్వింది. వెనక అట్ట మీద ఉన్న ఇంగ్లీషు ఒక్కో మాట కూడబలుక్కుని, తైషో కాలం అన్న దగ్గర ఆగింది. కళ్లు అలవాటుగా ఎదురు పేజీ కోసం వెతికాయి. ఎదురు పేజీ లేదు. పుస్తకం మంచం మీద పెట్టేసింది.

"బొగ్గులు కాల్చి అమ్ముకునే పిల్లోడి కథ" అన్నాను నేను. అంతే, మళ్లీ చేతిలోకి తీసుకుంది. మా వైపు సీమతుమ్మ కొట్టి బొగ్గు బట్టీలు పెట్టేవాళ్లు ఉన్నారు. బట్టీ మీద మట్టి కప్పడం, రోజుల తరబడి పొగ రావడం, బస్తాలు లారీకి ఎత్తడం తనకి కొత్త కాదు. కత్తులు, రాక్షసులు ఏ కార్టూన్‌లో అయినా ఉంటాయి. బొగ్గులమ్మే హీరో ఎక్కడుంటాడు? తనని లాగింది అదే.

ఇక తైషో కాలం. అది 1912 నుంచి 1926 దాకా. అల్లూరి సీతారామరాజు మన్యంలో తిరగబడింది 1922లో. ఇంచుమించు ఆ రోజుల్లోనే అక్కడ తాంజిరో కొండ దిగి వస్తున్నాడని చెప్తే 8వ తరగతి పిల్లకి టక్కున అందింది. ఇంగ్లీషు అట్ట మీద వాళ్లు తైషో అని రాయడం తప్పేమీ కాదు, వాళ్ల పాఠకులు వేరు. మన చీటీ చదివేవాళ్లు వేరు. ఇంగ్లీషులో ఉంది కదా అనేవాళ్లకి నా జవాబు ఇదే: ఉన్నదాన్ని తెలుగులోకి మార్చడం కాదు మన పని, మన చీటీ చదివే మనిషికి కొత్తగా చెప్పడం.

2025 సెప్టెంబరులో డెమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాసిల్ సినిమా తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లలో ఆడింది. డోరేమాన్, షిన్‌చాన్ తెలుగులో మాట్లాడటం మనం అన్నం తింటూ చూశాం. చెవికి జపాన్ కథ తెలుగులో ఎప్పుడో వచ్చేసింది, కంటికి రాలేదు. తెలుగులో అచ్చయిన మాంగా వాల్యూమ్ నా చేతికి ఇంతవరకు రాలేదు. వచ్చేదాకా కనీసం ఒక చీటీ అయినా ఉండాలని నా పట్టుదల.

ఇప్పుడు రెండో అభ్యంతరం. చాట్‌బాట్‌నే ఎందుకు తిట్టాలి, మనుషులు రాసేవీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. ఎక్కడా చూసి కొట్టింది కాదు, అందరం రోజూ చదివే రకాన్ని నేను తయారు చేశాను:

ఉత్కంఠభరితమైన మలుపులతో, అబ్బురపరిచే చిత్రాలతో సాగే ఈ మహా సాహసగాథలో, తన కుటుంబాన్ని కోల్పోయిన ఓ యువకుడు రాక్షసులపై పగ తీర్చుకోవడానికి బయలుదేరుతాడు. మరి అతని పగ చల్లారుతుందా? చీకటిపై వెలుగు గెలుస్తుందా?

దీనికి నేను పెట్టే పరీక్ష ఒకటే. ఈ చీటీ పీకి ఇంకో పుస్తకానికి అంటిస్తే అతుక్కుంటుందా? హాయిగా అతుక్కుంటుంది. రాక్షసులు తీసేసి ఫ్యాక్షనిస్టులు అని పెడితే మన సినిమాలు ఎన్నిటికైనా సరిపోతుంది. ఏ పుస్తకానికైనా సరిపోయే వెనకమాట ఏ పుస్తకం గురించీ ఏమీ చెప్పనట్టే.

అంతకంటే పెద్ద తప్పు, ఇందులో ఉన్నది అబద్ధం. తాంజిరో ఇల్లు వదిలింది ముఖ్యంగా పగ కోసం కాదు. రాక్షసిగా మారిపోయిన చెల్లెల్ని మళ్లీ మనిషిని చేసే దారి వెతకడం కోసం. కుటుంబం పోయింది కాబట్టి పగే అయ్యుంటుంది అని అలవాటు మీద రాసేస్తే అసలు కథ ఎగిరిపోతుంది. పగటి వెలుగు పడితే చచ్చిపోయే చెల్లెల్ని చెక్కపెట్టెలో పెట్టి వీపున మోసుకుంటూ, ఆమె లాంటివాళ్లనే చంపే పనిలో చేరిన అన్న. ఇంకే పుస్తకంలోనూ లేని సంగతి ఇది.

నా చీటీ ఇలా ఉంటుంది:

తాంజిరో కొండ మీద ఉంటాడు. బొగ్గులు కాల్చి కింద ఊళ్లో అమ్మి ఇల్లు గడుపుతాడు. ఒకరోజు చీకటి పడిందని దారిలో ఒకరింట్లో తలదాచుకుని, తెల్లారి ఇంటికి వచ్చేసరికి వాకిట్లో రక్తం. అమ్మ, తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరూ లేవరు. ఒక్క నెజుకో ఒళ్లు మాత్రం ఇంకా వెచ్చగా ఉంది. ఆ చెల్లెల్ని వీపున వేసుకుని వైద్యుడి కోసం మంచులో పడి పోతున్నాడు. వీపు మీద ఆమె కళ్లు తెరిచింది. ఆ కళ్లు నెజుకోవి కావు.

ఇందులో ఉన్నదంతా మొదటి చాప్టర్లో జరిగేదే. మొదటి వాల్యూమ్ వెనకమాట మొదటి చాప్టర్ దాటి పోకూడదని నా లెక్క. ఆ తర్వాత జరిగేదంతా కొన్నవాడి సొత్తు. కథాసారాంశం, వెనకమాట ఒకటి కావు. సారాంశం పరీక్షలో రాసేది, చివరిదాకా చెప్పాలి, చెప్పకపోతే మార్కులు పోతాయి. వెనకమాట సరైన చోట ఆగాలి. చాట్‌బాట్‌కి చెప్పడం వచ్చు, మీరు ఒత్తి అడిగితే ఆగడం కూడా నేర్చుకుంటుంది. కానీ ఎక్కడ ఆగాలో అడిగేవాడికి తెలియాలి. అది తెలియాలంటే పుస్తకం చదివి ఉండాలి. చదివాక ఆ ఎనిమిది ముక్కలు రాసుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

చీటీలో రాక్షసి, దెయ్యం అన్న మాటలు లేవని గమనించారా? జపనీస్‌లో ఓని అంటారు. దానికి తెలుగు మాట పెట్టడం అనుకున్నంత తేలిక కాదు. రాక్షసుడు అనగానే మనకి కిరీటం, గద, ఎస్వీ రంగారావు గారి నవ్వు వచ్చేస్తాయి. భయం వేయదు, ముచ్చటేస్తుంది. దెయ్యం అంటే చింతచెట్టు, వెనక్కి తిరిగిన పాదాలు. పైగా దెయ్యం చచ్చిన మనిషిది, ఓని బతికుండగానే మారిపోతుంది. మనుషుల్ని తింటుంది, ఎండకి చస్తుంది. ఒకప్పుడు మనిషి అన్న లెక్కన బ్రహ్మరాక్షసుడు కొంచెం దగ్గరికి వస్తాడు, కానీ ఆయనకి మళ్లీ శాపం, పాండిత్యం, మర్రిచెట్టు లాంటి సొంత సామాను చాలా ఉంది. మామూలుగా మాట్లాడేటప్పుడు నేనూ రాక్షసి అనే అంటాను, పైన అన్నాను కూడా. అట్ట మీద మాత్రం పేరు పెట్టకుండా జరిగింది చెప్పడమే మేలు. కళ్లు తెరిచింది, ఆ కళ్లు ఆమెవి కావు. ఏమైందో చదివేవాడే అనుకుంటాడు.

చివర్లో ప్రశ్న పెట్టడం మీద కూడా నాకు కోపం ఉంది. గెలుస్తాడా? గెలుస్తాడు. 23 వాల్యూమ్స్ ఉన్న కథలో హీరో మొదటి వాల్యూమ్‌లో ఓడిపోయి ఇంటికి పోడని అందరికీ తెలుసు. జవాబు తెలిసిన ప్రశ్న అడిగితే చదివేవాడిని చిన్నపిల్లాడి కింద కట్టినట్టే. చిన్నపిల్లలకి కూడా నచ్చదు, మా పిన్ని కూతుర్ని అడగండి.

డెత్ నోట్ సంగతి చూడండి. ఇది మనలాంటివాళ్ల పుస్తకం. రాసింది త్సుగుమి ఓబా, బొమ్మలు తకేషి ఒబాతా, మొత్తం 12 వాల్యూమ్స్. చాలామంది దీన్ని మంచికీ చెడుకీ జరిగే యుద్ధం, ఇద్దరు మేధావుల ఎత్తులు పైఎత్తులు అంటూ మొదలుపెడతారు. నేనైతే ఇలా మొదలుపెడతా:

లైట్ క్లాస్ టాపర్. దేశం మొత్తంలో టాపర్. బోర్ కొట్టి చస్తున్నాడు. ఒకరోజు స్కూల్ గ్రౌండ్‌లో ఒక నోట్‌బుక్ దొరికింది. మొహం గుర్తుచేసుకుంటూ ఇందులో పేరు రాస్తే ఆ మనిషి చస్తాడని లోపల రాసి ఉంది. నవ్వుకున్నాడు. అయినా పారేయలేదు, ఇంటికి తెచ్చుకున్నాడు. టీవీలో ఒకడు పిల్లల్ని బందీలుగా పట్టుకున్నాడని వార్త వస్తోంది. తెర మీద పేరు, మొహం రెండూ ఉన్నాయి. పెన్ చేతిలో ఉంది.

పెన్ చేతిలో ఉంది అన్న దగ్గర ఆపడంలోనే అంతా ఉంది. ఆ క్షణంలో చదివేవాడు తన చేతిలో కూడా పెన్ను ఊహించుకుంటాడు. మంచా చెడా అని మనం అడగక్కర్లేదు, వాడే అడుక్కుంటాడు.

స్లామ్ డంక్ అయితే ఇంకా సులువు. హరుకో కోసం బాస్కెట్‌బాల్ అంటే ఇష్టమని చెప్పిన సకురాగికి బంతి పట్టుకోవడం కూడా రాదు. ఈ ఒక్క వాక్యం చాలు, చీటీలో మిగతా జాగా ఖాళీగా వదిలేయొచ్చు.

అసలు చిక్కు రెండో వాల్యూమ్ నుంచి మొదలవుతుంది. నరుటో 72 వాల్యూమ్స్. 1997లో మొదలైన వన్ పీస్ 2021లో 100 దాటింది, ఇంకా నడుస్తోంది. 14వ వాల్యూమ్ వెనకమాట ఎవరి కోసం? 13 చదివి వచ్చినవాడి కోసం అనుకుంటాం. కానీ షెల్ఫ్‌లో అన్నీ పక్కపక్కనే ఉంటాయి. ఇంకా రెండోదే చదువుతున్నవాడు బొమ్మ బాగుందని 14 తీసి తిప్పుతాడు. ఫలానావాడు చనిపోయాక మిగిలినవాళ్లంతా అని అక్కడ రాసి ఉంటే, పన్నెండు పుస్తకాల ఎదురుచూపు ఒక్క వాక్యంతో పోయింది. స్పాయిలర్ ఇచ్చిన ఫ్రెండ్‌ని తిట్టొచ్చు. అట్టని ఎవడు తిడతాడు?

దీనికి పరిష్కారం జపాన్‌లో వెతకక్కర్లేదు, మన చందమామలో ఉంది. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు ఏళ్ల తరబడి సీరియల్స్ రాశారు. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం. పేర్లు వింటేనే మాంగా టైటిల్స్ లాగా ఉంటాయి. చిత్రా గారి బొమ్మలు కూడా తోడు. ప్రతి నెలా సీరియల్ మొదట్లో జరిగిన కథ చిన్న ముక్కగా ఉంటుంది. పాత సంచికలు చూస్తే నేను కథ కంటే ముందు దాన్నే చదువుతా. ఎవరు, ఎక్కడ, ఏ ప్రమాదంలో ఉన్నారు. రెండు మూడు వాక్యాలు. తరవాత అని ఒక మాట, అంతే, కథలోకి తోసేస్తుంది. ఎలా అక్కడికి వచ్చారో అంతా తవ్వదు. విశేషణాలు లేవు, పొగడ్త లేదు, గెలుస్తారా అన్న ప్రశ్న లేదు. ఒక నెల సంచిక దొరకని పిల్లాడికి దారి చూపిస్తుంది, అన్నీ చదివిన పిల్లాడిని విసిగించదు.

కాబట్టి తర్వాతి వాల్యూమ్స్‌కి నా పద్ధతి అదే. ముందు వాల్యూమ్ చివరి పేజీలో మనవాళ్లు ఎక్కడ నిలబడి ఉన్నారో ఆ చోటు, ఆ ప్రమాదం మాత్రం చెప్పాలి. చచ్చినవాళ్ల పేర్లు రాయొద్దు. బతికున్నవాళ్ల లిస్టు కూడా రాయొద్దు, లిస్టులో లేనివాడు ఏమయ్యాడో చదివేవాడు ఇట్టే లెక్కేస్తాడు. వాల్యూమ్ వన్ చీటీ కొత్తవాడిని పిలుస్తుంది, మిగతావి పాతవాడికి బుక్‌మార్క్ లాంటివి. రెండూ ఒకే మూసలో పోయడం కుదరదు.

మాంగాకీ మన పాత సీరియల్ నవలలకీ ఈ పోలిక ఊరికే రాలేదు. అక్కడ వారపత్రికలో చాప్టర్ చాప్టర్‌గా వచ్చి తర్వాత వాల్యూమ్ అవుతుంది. ఇక్కడ యండమూరి తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో వారం వారం వచ్చి తర్వాత నవల అయ్యింది. మా పెద్దమ్మలాంటి వాళ్లు పుస్తకం వచ్చేదాకా కూడా ఆగలేదు. సీరియల్ పేజీలు చింపి, వరసగా పెట్టి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసుకున్నారు. ఆ అట్ట మీద పెన్నుతో పేరు తప్ప ఏమీ ఉండదు. వెనకమాట అంతా నోటిమాటే. తులసిదళం గురించి పెద్దమ్మని అడిగితే, "ఒక పాప. రోజు రోజుకీ కుంగిపోతా ఉంటాది. డాక్టర్లు ఒకటంటారు, మంత్రగాళ్లు ఇంకోటంటారు. రాత్రి పూట మాత్రం చదవబాకురా" అని ఊరుకుంది. ఇంతకంటే మంచి వెనకమాట నేను ఇంతవరకు వినలేదు. చదవబాకు అంటే ఎవడు చదవకుండా ఉంటాడు?

లైబ్రరీ పుస్తకాలదీ అదే కథ. బైండింగ్ చేయించేటప్పుడు అసలు అట్ట పోతుంది, మందపాటి ఖాళీ అట్ట వస్తుంది. అప్పుడు జనం వెనక అతికించిన తేదీల చీటీ చూస్తారు. ముద్రలు ఎక్కువ పడి ఉంటే మంచి పుస్తకమని లెక్క. మార్జిన్లో ఎవరో పెన్సిల్‌తో రాసిన అభిప్రాయాలు అదనం. వాటిలో కొన్ని దుర్మార్గంగా క్లైమాక్స్ కూడా చెప్పేస్తాయి, అది వేరే సంగతి. కోట్ల కాపీలు అమ్ముడుపోయాయి అని అట్ట మీద వేసేదానికంటే నాకు ఆ తేదీల ముద్రలే నమ్మకం. మన చీటీ కింద కూడా చదివినవాళ్లు తేదీ వేసే జాగా వదలాలని నా కోరిక.

భాష గురించి ఒక్కటి చెప్పి ఆపేస్తా. నాలాంటి ఇంగ్లీషు మీడియం బ్యాచ్‌కి తెలుగు చెవి నుంచి వచ్చింది, కంటి నుంచి కాదు. ఉత్కంఠభరితం అన్న మాట దగ్గర నా కన్ను తడబడుతుంది, కింద ఊళ్లో బొగ్గులమ్ముతాడు అంటే తడబడదు. క్లబ్‌లో సీనియర్లకి ఇది మరీ మాట్లాడినట్టు ఉందని అనిపించొచ్చు. ఉండనివ్వండి. షెల్ఫ్ దగ్గర నిలబడి, బ్యాగ్ ఒక భుజానికి వేలాడుతుండగా, ల్యాబ్‌కి టైమ్ అవుతుండగా చదివేది ఇది. పైకి చదివితే పక్కనున్న ఫ్రెండ్‌కి చెప్పినట్టు వినిపించాలి.

డెమన్ స్లేయర్, డెత్ నోట్, స్లామ్ డంక్ మొదటి వాల్యూమ్స్ చీటీలు నేను రాసేశాను, పైన చూశారు కదా, మార్పులుంటే చెప్పండి. నరుటోకి ఇద్దరు పేర్లిచ్చారు. వన్ పీస్‌కి ఇంకా ఎవరూ ముందుకు రాలేదు. ఒప్పుకున్న మనిషికి వరసగా నాలుగు ఆదివారాలు మెస్‌లో నా చికెన్ ముక్క కూడా ఇచ్చేస్తా.